ఈ ఆదివారం ప్రసంగం లేదు

"అత్తయ్యా, మీ పెద్దబ్బాయికి చెప్పండి, తెల్ల అంగీ ఇస్త్రీ చేస్తున్నానని. పాటలు పాడుకోవడానికి అంగీ ఎందుకంటారేమో, అదీ కనుక్కోండి."

పాస్టరు గారు ఎదురుగానే కూర్చుని ఉన్నారు. చెయ్యి చాపితే ఇస్త్రీ బల్ల అందుతుంది. అయినా పాస్టరమ్మ ఆయనతో నేరుగా మాట్లాడటం మానేసింది. గురువారం కూటంలో ఆయన నోట ఆ ప్రకటన వెలువడిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో మాటలన్నీ ముసలావిడ మీదుగానే వెళ్తున్నాయి.

"విన్నావుట్రా?" అంది ముసలావిడ కుర్చీలో కాళ్లు ఊపుకుంటూ.

"విన్నానమ్మా."

"విన్నాడటే."

"వినడం కాదత్తయ్యా, జవాబు కావాలి."

ఆ ప్రకటన ఇదీ: ఈ ఆదివారం ప్రసంగం లేదు, ఆరాధనంతా పాటలే. మరో చర్చిలో అయితే జనం లోలోపల సంతోషించి ఊరుకునేవారు. ఈ సంఘం అలాంటిది కాదు. దీనికో మొండి పద్ధతి ఉంది. బైబిలు వాక్యాన్ని వరసలోనే చెప్పాలి, ఒక్క వచనం కూడా దాటకూడదు. వంశావళులు వచ్చినా సరే, గుడారం కొలతలు వచ్చినా సరే. ఒక వేసవంతా ఆ మూరల లెక్క విన్నాక వడ్రంగి ఒకాయన, "అయ్యగారూ, ఇక కట్టేద్దామా?" అని అడిగాడట. ఆ పద్ధతి పెట్టింది పాస్టరు గారి తండ్రి. నిలబెట్టింది ఈయన. "నచ్చిన వచనం ఏరుకునేవాడు బోధకుడు కాడు, సంతలో వంకాయలు ఏరుకునేవాడు" అని ప్రసంగించే పుల్పిట్టు బల్ల మీద గుద్ది మరీ చెప్పేవారు.

అలా నడిచి నడిచి వరస సరిగ్గా ఈ ఆదివారానికి ఆ భాగం దగ్గరికి వచ్చింది. సహోదరుడి మీద కోపం పెట్టుకోకు, వాణ్ణి ద్రోహీ అని పిలవకు, కానుక అర్పించబోతుండగా నీమీద వాడి మనసులో ఏదో ఉందని గుర్తొస్తే కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్లి సమాధానపడు అని చెప్పే భాగం.

పాస్టరు గారికి ఉన్నది ఒక్కడే తమ్ముడు. రెండు వీధుల అవతల పెద్ద హాల్లో, రంగు లైట్ల కింద బోధిస్తాడు. కిందటేడు సభల్లో, మైకు ముందు, అంత జనం వింటుండగా, పాస్టరు గారు ఆ ఒక్కగానొక్క తమ్ముణ్ణి వాక్యద్రోహి అన్నారు.

మరి ఆదివారం పాటలు కాక ఇంకేం ఉంటాయి!

"అమ్మా, నీ కోడలితో చెప్పు," అన్నారు పాస్టరు గారు, తనూ అదే దారి పట్టి. "పాటలు కూడా ఆరాధనే."

"పాటలూ ఆరాధనేనటే."

"అదే మాట మా మరిది అన్నప్పుడు తమరేమన్నారో గుర్తుందేమో అడగండత్తయ్యా. వాక్యం లేని పాట పునాది లేని మేడ అన్నారు. నెల రోజులు అదే వాయించారు."

ముసలావిడ రెండు చేతులూ ఎత్తేసింది. "నావల్ల కాదర్రా! ఈ టెలిఫోను ఉద్యోగం నాకొద్దు. ఒకరి మొహం ఒకరు చూసుకుని పోట్లాడుకోండి, నేను హాయిగా వింటాను."

పాస్టరమ్మకు నవ్వు తన్నుకొచ్చింది. దాన్ని దిగమింగి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టిందంటే ఆ ఇంట్లో చిన్న విషయం కాదు. పెళ్లయిన దగ్గర్నుంచీ శనివారం మధ్యాహ్నం ఆవిడ అంగీ ఇస్త్రీ చేస్తుంటే ఆయన మర్నాటి ప్రసంగం ఆవిడకు చెప్పి చూసుకుంటారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా! ఆవిడ చెయ్యి ఆడుతున్నంతసేపూ ప్రసంగం బాగున్నట్టు. చెయ్యి ఆగి తలెత్తి చూసిందంటే అక్కడేదో అతుకు సరిగ్గా పడలేదన్నమాట. ఈ శనివారం అసలు ప్రసంగమే లేదు, అయినా చెయ్యి ఆగింది.

"ఏవండీ, సూటిగా అడుగుతున్నా. ఆ భాగం ఎందుకు దాటేస్తున్నారు?"

"దాటెయ్యడం లేదు. వాయిదా వేస్తున్నాను."

"ఎప్పటిదాకా? మరిది తల నెరిసేదాకానా?"

"వాడికి ఇప్పటికే నెరిసింది. రంగేస్తున్నాడు."

"చల్లకొచ్చి ముంత దాచకండి. అడిగినదానికి చెప్పండి."

పాస్టరు గారు లేచి నిలబడ్డారు. ఇంట్లోనైనా ఆయనకు కూర్చుని వాదించడం చేతకాదు.

"వాడేం చెబుతున్నాడో నీకు తెలీదా? ఆ హాల్లో పాపం అన్న మాట వినపడి ఎన్నాళ్లయింది? మారుమనసు ఊసు లేదు, తీర్పు ఊసు లేదు. గోడ మీద సిలువ ఉంటే జనం దిగులుపడుతున్నారని తీసి పక్కన పెట్టాడు! ఈ వారం మీదే, ఈ ఏడు మీదే, ఇదీ బోధ! జాతకాలు చెప్పేవాడైనా అప్పుడప్పుడు ఓ చెడ్డమాట చెబుతాడే!"

"నిజమే," అంది పాస్టరమ్మ.

ఆవిడ ఒప్పుకుంటుందని ఆయన అనుకోలేదు.

"నిజమేనండీ. పాలల్లో నీళ్లు కలిపాడంటే సరే అనుకోవచ్చు, మరిది నీళ్లల్లో పాలు కలుపుతున్నాడు. నేనెప్పుడైనా కాదన్నానా?"

"మరింకేం! ఇప్పుడు నేను వాడి గుమ్మం ఎక్కితే జనం ఏమనుకుంటారు? పెద్దాయన కూడా మెత్తబడ్డాడు, ఆ బోధా ఈ బోధా ఒకటే అనుకోరూ? వాడితో కలిస్తే వాడి బోధకు ముద్ర కొట్టినట్టే. వాక్యం దగ్గర నేను రాజీపడను."

"బోధ దగ్గర రాజీపడమని మిమ్మల్నెవరన్నారు? వెంట్రుకవాసి కూడా తగ్గకండి. తగ్గాల్సింది తమ్ముడి దగ్గర. వాడి బోధ తప్పన్నారు, అది వాక్యం. వాణ్ణి ద్రోహి అన్నారు, అది మీ కోపం. కోపానికి వాక్యం చొక్కా తొడిగి సభలో నిలబెట్టారు."

ముసలావిడ కాళ్లు ఊపడం ఆపింది.

"మరిది చేదుగా ఉన్న చోట దాటేస్తాడు, జనానికి చేదని. మీరూ దాటేస్తున్నారు, మీకు చేదని. ఆ రెంటికీ తేడా ఏంటో చెప్పండి, నేను మళ్లీ ఇస్త్రీ మొదలుపెడతాను."

పాస్టరు గారు కిటికీ దగ్గరికి వెళ్లి వీధిలో ఏదో పెద్ద పనున్నట్టు చూస్తూ నిలబడ్డారు.

పాస్టరమ్మకు భయం వేసింది. గెలిచినందుకు ఆవిడకు సంతోషం లేదు. ఏమీ దాటెయ్యని ఆ గొంతు విని ఈ మనిషిని ఇష్టపడింది తను. రేపు ఆయన ఈ ఒక్క భాగం దాటేస్తే ఆ పిడికిలి మళ్లీ పుల్పిట్టు మీద పడదు. పడినా, దాని చప్పుడును తను నమ్మలేకపోతుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసని ఆ వీపు చూస్తేనే తెలుస్తోంది.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని టైలరు వచ్చాడు. సంఘంలో పాటల పెద్ద ఆయనే. వేళ్ల కొసల మీద సూది గుచ్చుకున్న గుర్తులు, మొహం మీద పెళ్లికొడుకు కళ.

"వందనాలు అయ్యగారూ! ఎన్నాళ్లకు మా మొర ఆలకించారు! ఇన్నేళ్లూ ముందో పాట, వెనకో పాట పడేసి మమ్మల్ని సరిపెట్టారు. రేపు చూడండి! ఆ హాలు వాళ్ల డ్రమ్ములు మన దాకా వినపడతాయి కదా, రేపు మన పాట వాళ్లకు వినపడాలి!"

"సంతోషం," అన్నారు పాస్టరు గారు, కిటికీలోంచి మొహం తిప్పకుండా.

"అన్నట్టు, రేపు పాఠం చదివే వంతు ఎవరింటిది?"

పాస్టరు గారు చటుక్కున వెనక్కి తిరిగారు. "పాఠం ఎందుకు? పాటలే అన్నాను కదా!"

"అయ్యో, ప్రసంగం లేకపోతే పాఠం కూడా మానేస్తామా?" టైలరు నిజంగానే నొచ్చుకున్నాడు. "ఇంటింటి వంతున పాఠం చదవడం మీ నాన్నగారు పెట్టిన పద్ధతి. కప్పు కారిపోయిన ఆదివారం కూడా గొడుగు పట్టుకుని చదివామే! వంతు తప్పితే సంఘం ఊరుకుంటుందా?"

"వంతు మనింటిదేరా," అంది ముసలావిడ తాపీగా.

"అమ్మా, నీకు చూపు సరిగ్గా ఆనదు. ఇంకెవరినైనా..."

"ఆ భాగానికి చూపెందుకురా నాకు? నోటికి వచ్చు. మీ ఇద్దర్నీ పెంచినదాన్ని! మీరు జుట్లు పట్టుకున్నప్పుడల్లా అదే చెప్పి విడదీశాను. కొండ మీద చెప్పిన ప్రభువు కన్నా నేనే ఎక్కువసార్లు చెప్పుంటాను!"

టైలరు పకపకా నవ్వాడు. తర్వాత పాస్టరు గారి మొహం చూసి, ఆ నవ్వును దగ్గులోకి దించాడు.

పాస్టరమ్మ ఇస్త్రీపెట్టె అందుకుని అంగీ కాలరు మీద ఒత్తి ఒత్తి రుద్దింది. ఈసారి మాత్రం నవ్వు దాచుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

*

ప్రసంగం లేదని తెలిసి అంత జనం రావడం ఆ చర్చి పుట్టాక అదే మొదలు. వరసలో తర్వాతి భాగం ఏమిటో అందరికీ తెలుసు. అందరూ ఇళ్లల్లో చదువుకునే వచ్చారు. క్రిస్మసుకు తప్ప కనపడని కొళాయి మేస్త్రీ కూడా ముందు బల్లలో చోటు సంపాదించాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం, పెదవులు బిగించుకోవడం, మళ్లీ పాస్టరు గారి వైపు చూడటం.

పాస్టరు గారు తెల్ల అంగీలో కుక్కిన పేనులా కూర్చున్నారు.

టైలరు ప్రాణం పెట్టి పాడించాడు. జనం కూడా గొంతులు దాచుకోలేదు. అయిదో పాటో ఆరో పాటో అయ్యాక ముసలావిడ లేచింది. కోడలు చెయ్యి పట్టుకుని ముందుకు వెళ్లి, చేతిలో పుస్తకం లేకుండా నిలబడి, పాఠం మొదలుపెట్టింది.

అది పాఠంలా లేదు. పెరట్లో కొట్టుకుంటున్న ఇద్దరు పిల్లల్ని చెవులు పట్టుకుని విడదీసినట్టుంది. కోపం దగ్గర గొంతు పెంచింది. ద్రోహీ అన్న మాట దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. ముందు వెళ్లు, వెళ్లి సమాధానపడు, తర్వాత రా అన్న చోట ఆవిడ గొంతు మెత్తబడింది. అయిపోయాక కూర్చోలేదు.

"నా వంతు అయిపోయింది. మిగతాది మా పెద్దోడు చెబుతాడు," అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

పాస్టరమ్మ 'లేవండి' అనుకుంది. 'లేవండి, నాకోసం కాదు, లేవండి.'

ఆయన లేచారు. పుల్పిట్టు దాకా వెళ్లి, రెండు చేతులతో దాన్ని పట్టుకుని నిలబడ్డారు.

"ప్రసంగం లేదన్నాను," అన్నారు. "ఉంది. నాకు వినబుద్ధి కాలేదు. ఇన్నేళ్లూ మీకు చేదు మాత్రలన్నీ మింగించి, నా వంతు వచ్చేసరికి పాటల చాటున దాక్కున్నాను. నా తమ్ముడి బోధను నేను ఒప్పుకోను, అది మీకు తెలుసు. కానీ వాణ్ణి నేనన్న మాట ఈ వాక్యం ఒప్పుకోదు, అదీ మీకు తెలుసు. అందుకే ఇంతమంది వచ్చారు."

కొళాయి మేస్త్రీ తల దించుకున్నాడు.

"కానుక ఇక్కడే వదిలేసి ముందు వెళ్లమంది. నాకు మరో కానుక లేదు, ఈ ప్రసంగమే నా కానుక. దాన్ని ఇక్కడే వదిలేసి వెళ్తున్నాను. మీరు పాడుతూ ఉండండి."

"ఎన్ని పాటలు అయ్యగారూ?" అన్నాడు టైలరు ఉండబట్టలేక.

"నేనొచ్చేదాకా!"

టైలరు మొహం చూడాలి అప్పుడు!

ఆయన బల్లల మధ్య నుంచి గబగబా నడిచి వీధిలో పడ్డారు. పాస్టరమ్మ అత్తగారి వైపు చూసింది. "ఇంకా నిలబడ్డావేమే, వెళ్లు! వీళ్లను నేను చూసుకుంటాను," అందావిడ. పాస్టరమ్మ చెప్పులు కాళ్లకు తగిలించుకుని పరుగందుకుంది.

సెలూను ముందు కూర్చున్నవాళ్లు సబ్బు నురగతోనే తలలు తిప్పి చూశారు. ముందు తెల్ల అంగీ రెపరెపలాడుతూ ఆయన, వెనక రొప్పుకుంటూ ఆవిడ.

"ఏమని మొదలుపెట్టను?" అన్నారాయన, ఆగకుండానే.

"తమ్ముడూ అని."

"తర్వాత?"

"తప్పు నాది అనండి."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత మీకు అలవాటు లేని పని. నోరు మూసుకోండి."

ఆయన నవ్వారు. ఎన్నాళ్లయిందో ఆ నవ్వు విని! పాస్టరమ్మకు పరుగులో కూడా ప్రాణం లేచొచ్చింది.

హాలు గుమ్మంలో కొత్తవాళ్లకు స్వాగతం చెప్పే బల్ల దగ్గర ఉన్నది తోడికోడలే. తల వంచుకుని చీటీలు సర్దుకుంటూ, ఎవరో వచ్చారని అలవాటు ప్రకారం ఒక చీటీ తీసి ఎదురొచ్చిన మనిషి గుండెల మీద అంటించింది. 'మొదటిసారి వచ్చారా? మీ రాక మాకు సంతోషం!' అంటించాక తలెత్తింది.

"అమ్మో, బావగారూ!"

"ఫరవాలేదమ్మా, నిజమే రాశారు," అని ఆయన లోపలికి వెళ్లిపోయారు. తోడికోడలు పాస్టరమ్మను గట్టిగా వాటేసుకుంది. మగవాళ్లకు తెలియకుండా ఫోన్లో మాట్లాడుకోవడమే తప్ప వాళ్లిద్దరూ మొహాలు చూసుకుని ఏడాదయింది.

లోపల తమ్ముడు వేదిక మీద ఉన్నాడు. నీలం లైటు, మెడ దగ్గర మైకు, చెయ్యి పైకెత్తి ఏదో వాగ్దానం మధ్యలో ఉన్నాడు. నడిమి దారిలో తెల్ల అంగీ కనపడింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. డ్రమ్ములతను వాయించాలో మానాలో తెలియక ఒక్క దెబ్బ వేసి ఆగాడు.

"తమ్ముడూ," అన్నారు పాస్టరు గారు. మైకు లేకపోయినా హాలు చివరిదాకా వినపడింది. "తప్పు నాది. నిన్ను అందరి ముందూ ద్రోహి అన్నాను, అందుకే అందరి ముందూ చెబుతున్నాను. క్షమించు. నీ బోధను నేను ఒప్పుకోను, ఆ మాట దాచను. కానీ నువ్వు ద్రోహివి కాదురా. నా తమ్ముడివి."

ఆ తర్వాత ఆయన నోరు మూసుకున్నారు. పాస్టరమ్మకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన ఇంతకన్నా మంచి ప్రసంగం ఎప్పుడూ చెప్పలేదు.

తమ్ముడు వేదిక దిగాడు. మెల్లగా మొదలుపెట్టి, చివరికి పరిగెత్తాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఊగిపోయారు. హాలు చప్పట్లతో మోగింది. ఏం జరుగుతోందో తెలియనివాళ్లు కూడా కొట్టారు, ఆ హాల్లో అది అలవాటే.

"ఇవాళ వరసలో ఆ భాగమే కదన్నయ్యా?" అన్నాడు తమ్ముడు. మైకు మెడ దగ్గరే ఉందన్న సంగతి మరిచిపోయాడు, అందరికీ వినపడుతోంది. "నేనూ వరస చూసుకుంటూనే ఉన్నాను. నువ్వు దాటేస్తావనుకున్నా. దాటేస్తే నాకెంత హాయిగా ఉండేదో తెలుసా? చూశారా, మా అన్నయ్య అంతటివాడే దాటేశాడు అని చెప్పుకుని బతికేద్దామనుకున్నా. ఇప్పుడు ఆ దారి కూడా మూసేశావు."

డ్రమ్ములతను కర్రలు కింద పెట్టేశాడు.

"వీళ్లకు నేను సగమే పెట్టాను. మిగతా సగం ఎలా మొదలుపెట్టాలో మరిచిపోయాను." అతను మెడ దగ్గరి మైకు విప్పి అన్న అంగీకి తగిలించాడు, 'మొదటిసారి వచ్చారా?' చీటీకి కాస్త పైన. "నువ్వు మొదలుపెట్టు. నా మొహం చూసి ఏదీ దాటెయ్యకు."

"నేనా? ఇక్కడా? మరి నువ్వెక్కడికి?"

"నాన్న సంఘం దగ్గరికి. ఒక్కరికీ చెప్పకుండా వాళ్లను వదిలేసి వచ్చాను కదా. వాళ్ల మనసుల్లో నామీద ఏముందో నాకు తెలుసు." అతను అప్పటికే గుమ్మం వైపు నడుస్తున్నాడు. "వదినా, అమ్మ బాగా కోపంగా ఉందా?"

"పుస్తకం లేకుండా చదివింది," అంది పాస్టరమ్మ.

"అయితే నా పని అయిపోయింది," అని అతను వీధిలోకి దూకాడు.

తోడికోడళ్లిద్దరూ గుమ్మంలో మిగిలారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, లోపలికీ వీధికీ మార్చి మార్చి చూశారు.

"అక్కా, మనం ఎవర్ని వినాలి?"

"నన్నడుగుతావేం! ఒక మనిషికి రెండే చెవులు."

ఉండలేక వీధి మలుపు దాకా పరిగెత్తారు. అక్కడికి అటుదీ వినపడుతుంది, ఇటుదీ వినపడుతుంది. వెనక హాలు స్పీకర్లలోంచి పాస్టరు గారి గొంతు లేచింది. మొదటి మాటే పాపం. ఆ వెంటనే ధబ్‌మని చప్పుడు. ఆ హాల్లో పుల్పిట్టు లేదు, దేన్ని గుద్దారో ఏమో! స్పీకర్లు కీచుమన్నాయి. జనం మాత్రం లేచి వెళ్లిపోతున్న అలికిడి లేదు.

పాస్టరమ్మ పగలబడి నవ్వింది. ఆ చప్పుడును ఆవిడ నమ్మింది.

ఎదురుగా చర్చి వైపు నుంచి టైలరు బృందం పాట గాల్లో తేలి వస్తోంది, గొంతులు బొంగురుపోయినా హుషారు తగ్గలేదు.

"ఆ పుల్పిట్టు మా ఆయన్ని ఎక్కనిస్తారంటావా అక్కా?" అంది తోడికోడలు. "ఎక్కనిచ్చినా, ఈయన నిజంగా అన్నీ చెబుతాడంటావా?"

పాస్టరమ్మ జవాబు చెప్పబోయింది.

అటు, మరిది గుమ్మంలో అడుగుపెట్టాడేమో, పాట చరణం మధ్యలో ఠక్కున ఆగిపోయింది.